సర్వస్వామ్య సంకలితము: కృతికర్త హక్కు కథ

పాత తెలుగు పుస్తకాల ముఖపత్రం వెనుక ‘సర్వస్వామ్య సంకలితము’ అనే మాట కనిపిస్తుంది. కొన్నిటిలో ‘సర్వహక్కులు గ్రంథకర్తవి’ అని ఉంటుంది, మరికొన్నిటిలో ‘ప్రకాశకులవి’ అని ఉంటుంది. ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు పద్యాలు చెప్పిన నేను గ్రంథకర్త పేరూ, వెలా చూసి పుట తిప్పేవాణ్ణి. పదవీ విరమణ తరువాత తీరిక దొరికి, ఆ మాట వెనుక ఉన్న చరిత్రను కొంత చదివాను. దానిని సాటి వ్రాతగాళ్ళతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ముందుగా సారాంశం చెబుతాను. రచయితకు హక్కు కృతితోపాటే పుడుతుంది. దానిని ఎవరో ఇవ్వనక్కరలేదు. కాని చరిత్ర పొడుగునా రచయితలు ఆ హక్కును పోగొట్టుకున్నది దొంగల వల్ల కంటె తమ చేవ్రాలు వల్లనే ఎక్కువ. మూడు వందల ఏళ్ళ కాపీరైటు చట్టాల కథలో ఒక పాయ, రచయితను అతని సంతకం నుంచి అతనికే కాపాడే ప్రయత్నం. కనుక న్యాయవాది సలహా మనకు కావలసినది చౌర్యం జరిగాక మాత్రమే కాదు, కాగితం మీద కలం పెట్టక ముందు.

కర్త, భర్త

మన పూర్వులకు కాపీరైటు అనే మాట తెలియకపోవచ్చు గాని, కృతికి సంబంధించిన రెండు వేరు వేరు స్వామ్యాలను వారు చక్కగా ఎరుగుదురు. కావ్యం చెప్పినవాడు కృతికర్త, అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త. కృతిని కన్యగా భావించి, తగిన వరునికి ఇచ్చినట్లుగా కవి అంకితమిచ్చేవాడు. శ్రీనాథుడు శృంగార నైషధాన్ని మామిడి సింగనకు, పెద్దన మనుచరిత్రను కృష్ణదేవరాయలకు ఇచ్చారు. పోతన తన భాగవతాన్ని రాజుకు గాక శ్రీరామునికి ఇచ్చాడు. కృతి పొందడం సప్తసంతానాలలో ఒకటి గనుక భర్త ఈనాములూ, అగ్రహారాలూ, ఆభరణాలూ ఇచ్చి కవిని సత్కరించేవాడు.

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. కృతిని ఇచ్చివేసినా కర్తృత్వాన్ని కవి ఇవ్వలేదు. ప్రతి ఆశ్వాసం చివరా గద్యలో తన పేరు చెప్పుకున్నాడు. తిక్కన తన గద్యలో తండ్రి కొమ్మనామాత్యుని పేరు కూడా నిలిపాడు. తాటాకు గ్రంథాన్ని ఏ లేఖకుడు ఏ ఊళ్ళో ఎన్నిసార్లు ఎత్తి వ్రాసినా ఆ గద్య కూడా వెంట వచ్చేది. ఇవ్వదగిన హక్కు ఒకటి, ఇవ్వరాని హక్కు ఒకటి అన్న ఈ విభజనను మనస్సులో ఉంచుకోండి, ముందు మళ్ళీ దీనితో పని పడుతుంది.

చౌర్యాన్ని గురించి కూడా వారు ఆలోచించారు. సుమారు పదో శతాబ్ది తొలినాళ్ళ రాజశేఖరుడు కావ్యమీమాంసలో పరకావ్య హరణానికి మూడు అధ్యాయాలు కేటాయించాడు. శబ్దహరణం వేరు, అర్థహరణం వేరు అని విడదీసి, ఏది దోషమో ఏది కాదో తరతమ భేదాలతో విచారించాడు. మన చాటుకథలలో మరొకటి ఉంది. ముక్కు మీద నంది తిమ్మన చెప్పిన పద్యాన్ని రామరాజభూషణుడు వెలయిచ్చి కొని వసుచరిత్రలో చేర్చుకున్నాడని ప్రతీతి. ఇది చరిత్ర కాదు, కథే. అయినా పద్యాన్ని అమ్మవచ్చునన్న ఊహా, అమ్మినా అసలు కర్త పేరు జనం మరచిపోరన్న నమ్మకమూ రెండూ అందులో ఉన్నాయి. తిమ్మనకు ‘ముక్కు’ అనే ఇంటిపేరులాంటిది స్థిరపడి అయిదు వందల ఏళ్ళవుతున్నా చెరగలేదు గదా!

అచ్చు వచ్చాక

ఎత్తి వ్రాయడం శ్రమతో కూడిన పని. ఒక ప్రతికి నెలలు పట్టేది. అచ్చు వచ్చాక ఒకే కూర్పు నుంచి వందల ప్రతులు దిగాయి. అప్పుడే పుస్తకం సరకయింది, సరకు మీద పేచీలూ మొదలయ్యాయి. ఇంగ్లాండులో 1557లో లండను పుస్తక వర్తకుల సంఘానికి రాజశాసనం వల్ల అచ్చు మీద గుత్తాధికారం వచ్చింది. ఆ పట్టికలో పేరెక్కిన వర్తకుడిదే పుస్తకం. రచయితకు ఒకసారి ముట్టినదే దక్షిణ.

దీనికి మిల్టన్ మహాకవి కథే సాక్ష్యం. 1667 ఏప్రిల్ 27న ‘పారడైజ్ లాస్ట్’ కావ్యానికి శామ్యూల్ సిమ్మన్స్ అనే ముద్రాపకుడితో ఒప్పందం వ్రాసుకున్నాడు. అప్పటికప్పుడు 5 పౌన్లు, మొదటి ముద్రణ అమ్ముడయ్యాక 5, ఆ తరువాతి రెండు ముద్రణలకు ఒక్కొక్క దానికి 5. జీవితకాలంలో అతని చేతికి వచ్చినది మొత్తం 10 పౌన్లు. అతడు పోయాక, 1680లో భార్య ఎలిజబెత్ మిగిలిన హక్కులన్నిటినీ 8 పౌన్లకు వదులుకుంది. ఆ తరువాత ఆ కావ్యం మీద తరతరాల వర్తకులు బ్రతికారు. ఇక్కడ ఎవరూ దొంగిలించలేదు. అంతా సంతకాల మీదనే సాగింది.

1710 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ఆన్ రాణి చట్టం మొదటిసారిగా హక్కును రచయిత పేరున చెప్పింది. కొత్త పుస్తకానికి 14 ఏళ్ళు, అప్పటికి రచయిత జీవించి ఉంటే హక్కు అతనికే తిరిగి వచ్చి మరో 14 ఏళ్ళు. మొదటి 14 ఏళ్ళను అమ్ముకున్నవాడికి రెండో అవకాశం ఇవ్వాలన్న ఆలోచన దానిలోనే మొలకెత్తింది. పుస్తకం మీద హక్కు శాశ్వతమని వర్తకులు ఇంకొన్ని దశాబ్దాలు వాదించారు. 1774లో డొనాల్డ్‌సన్, బెకెట్‌ల వ్యాజ్యంలో ప్రభువుల సభ ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. గడువు తీరిన పుస్తకం లోకానిది అన్న సూత్రం అలా స్థిరపడింది.

మన దేశంలో

మన దేశంలో 1835లో మెట్కాఫ్ కాలపు చట్టం అచ్చుయంత్రాల మీది ఆంక్షలను సడలించింది. ఆ తరువాత మద్రాసులోనూ ఇతర పట్టణాలలోనూ దేశీయుల ముద్రాశాలలు పెరిగాయి. కడపలో పండితులనూ లేఖకులనూ జీతాలిచ్చి కూర్చోబెట్టి బ్రౌను దొర సేకరించిన తాళపత్ర గ్రంథాలు, వావిళ్ళ రామస్వామిశాస్త్రులు వంటివారు అచ్చువేసిన ప్రబంధాలు ఎవరి హక్కుకూ లోబడినవి కావు. అవి పూర్వకవులవి. కొత్తగా వ్రాసేవారి విషయంలోనే చట్టం కావలసి వచ్చింది.

ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1847లో 20వ చట్టంగా మొదటి కాపీరైటు శాసనం చేసింది. అంతకు అయిదేళ్ళ ముందు ఇంగ్లాండులో వచ్చిన చట్టమే దీనికి మాతృక. హక్కును కోర్టులో నిలబెట్టుకోవాలంటే ప్రభుత్వ కార్యాలయంలో నమోదు తప్పనిసరి. ఆ పైన 1867లో 25వ చట్టం, అంటే పుస్తకాల నమోదు చట్టం వచ్చింది. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులనూ ప్రభుత్వానికి సమర్పించాలి, వివరాలు పట్టికకు ఎక్కాలి. ఆనాటి ప్రభుత్వానికి మన సాహిత్యం మీద ప్రేమ ఎంతో గాని, ఎవరు ఏమి అచ్చువేస్తున్నారో తెలుసుకోవాలన్న ఆసక్తి మాత్రం మిక్కుటం. పాత పుస్తకాల మీద ‘రిజిస్టర్డు’ అన్న మాట వెనుక ఉన్నది ఈ నమోదు వ్యవహారమే. ‘రిజిస్టరు చేస్తేనే హక్కు’ అన్న అపోహ నేటికీ మనలో పోకపోవడానికి మూలం కూడా అదే కావచ్చునని నా ఊహ.

ఆ నియమం పోయి శతాబ్దం దాటింది. 1886లో బెర్న్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను 1908లో బెర్లిన్‌లో సవరించినప్పుడు, హక్కుకు ఏ లాంఛనమూ అక్కరలేదని నిర్ణయించారు. దానిని అనుసరించి బ్రిటిషువారు 1911లో చేసిన చట్టాన్ని మన దేశానికి తగినట్లు మార్చి 1914లో 3వ చట్టంగా ఇక్కడ అమలు చేశారు. రచయిత జీవితకాలమూ, ఆ పైన 50 ఏళ్ళూ హక్కు ఉంటుంది. నమోదు అవసరం లేదు.

1911 చట్టంలో మరొక ముఖ్యమైన నియమం ఉండేది. రచయిత తన జీవితకాలంలో హక్కులు ఎవరికి వ్రాసి ఇచ్చినా, అతడు పోయిన 25 ఏళ్ళ తరువాత అవి వారసులకు తిరిగి రావాలి. ముందే అమ్మేస్తానని సంతకం చేసినా అది చెల్లదు. చార్లెస్ డికెన్స్ వంటి ప్రసిద్ధుల కుటుంబాలు కూడా కాలక్రమేణా ఇబ్బంది పడడం చూసిన ఆంగ్లేయ సమాజం చేసిన ఏర్పాటు ఇదని చెబుతారు. స్వతంత్ర భారతం 1957లో చేసుకున్న చట్టంలో ఈ నియమానికి చోటు దక్కలేదు. వారసులకు అది నష్టమేనని నా అభిప్రాయం.

ఒక మహాకవి పాటలు

కవి పోయాక హక్కులు ఎన్ని చేతులు మారగలవో తెలియాలంటే మన పొరుగు భాషలోని సుబ్రహ్మణ్య భారతి చరిత్ర చదవాలి. ఆయన 1921 సెప్టెంబరులో, నలభై ఏళ్ళయినా నిండకుండా, పేదరికంలో పోయాడు. భార్య చెల్లమ్మ ఆయన రచనలను తానే ప్రచురించడానికి పూనుకుంది. అది కొనసాగలేదు. ప్రచురణ హక్కు కొన్నేళ్ళకు ఆయన సవతి తమ్ముడు విశ్వనాథన్ చేతికి వచ్చింది. పాటల రికార్డింగు, ప్రసార హక్కులు వేరుగా ఒక వ్యాపారికి పోయి, అక్కడి నుండి చిత్రనిర్మాత ఏ.వి. మెయ్యప్పన్ చేతికి వచ్చాయి. 1948లో వచ్చిన ‘బిల్హణన్’ చిత్రంలో టి.కె.ఎస్. సోదరులు భారతి పాటను వాడుకోగా వ్యవహారం వివాదంలో పడింది. దేశమంతా పాడుకోవలసిన పాటకు ఒకరి అనుమతి కావాలా అని తమిళ సాహితీపరులు అడిగారు.

చివరకు 1949లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ముఖ్యమంత్రిగా ఉన్న మద్రాసు ప్రభుత్వం భారతి రచనల హక్కులను స్వాధీనం చేసుకున్నది. కుటుంబసభ్యులకు పైకం చెల్లించింది. మెయ్యప్పన్ తన హక్కును పైకం తీసుకోకుండానే వదలుకున్నాడు. తరువాత ఆ రచనలు అందరికీ స్వేచ్ఛగా లభించాయి. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ మద్రాసు రాష్ట్రంలోనివే గనుక, ఆ మంచిపనిలో మనకూ కొంత భాగం ఉన్నదనుకోవచ్చు.

కథ సుఖాంతమే. అయితే భారతికి ఉన్న కీర్తి వల్ల ప్రభుత్వం కదిలింది. అంత కీర్తి లేని కవి వితంతువు కోసం ఏ ప్రభుత్వం కదులుతుంది? ఆమెకు దిక్కు చట్టమూ, చట్టం చదివి చెప్పగల మనిషీ.

1957 తరువాత

ఇప్పుడు మనకు వర్తించేది 1957 నాటి 14వ చట్టం. 1958 జనవరి 21న అమలులోకి వచ్చింది. తరువాత ఎన్నో సవరణలు జరిగాయి. అందులో రచయితకు తెలిసి ఉండవలసినవి కొన్నే.

మొదటిది, హక్కు దేనికి అన్నది. 1978లో ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త తన ‘హమ్ హిందుస్తానీ’ నాటకాన్ని ‘న్యూ ఢిల్లీ’ చిత్రం కాజేసిందని చేసిన ఫిర్యాదు మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రెండింటిలోనూ ఇతివృత్తం ప్రాంతీయ దురభిమానమే. అయినా ఇతివృత్తం మీద ఎవరికీ గుత్తాధికారం లేదనీ, దానిని చెప్పిన తీరుకే రక్షణ అనీ న్యాయస్థానం తేల్చింది. రాజశేఖరుడి శబ్దార్థ వివేచనకు ఇది చాలా దూరం కాదు. కనుక ‘నా ఊహ దొంగిలించాడు’ అన్న ఫిర్యాదు నిలవదు. ‘నా వాక్యాలు, నా సన్నివేశాల కూర్పు ఎత్తుకున్నాడు’ అన్నది నిలుస్తుంది.

రెండవది, ఇవ్వరాని హక్కు. 57వ విభాగం ప్రకారం రచయిత తన హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా కర్తృత్వం తనదని చెప్పుకోవచ్చు. తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా కృతిని వికృతపరిస్తే అడ్డుకోవచ్చు. ప్రముఖ హిందీ రచయిత్రి మన్నూ భండారి తన ‘ఆప్ కా బంటీ’ నవల చిత్రహక్కులు ఇచ్చింది. ‘సమయ్ కీ ధారా’ పేరుతో తీసిన చిత్రంలో కథ రూపం మారిపోయిందని న్యాయస్థానానికి వెళ్ళింది. 1986లో ఢిల్లీ హైకోర్టు ఈ విభాగానికి విస్తృతమైన అర్థం చెప్పింది. ఆశ్వాసాంత గద్యలో మన కవులు నిలుపుకున్నది సరిగ్గా ఈ హక్కునే. కృతి భర్తదైనా కర్తృత్వం కర్తదే!

మూడవది, సంతకం. 19వ విభాగం ప్రకారం హక్కు బదలాయింపు కాగితం మీద, సంతకంతో ఉండాలి. నోటిమాట చెల్లదు. ఏ కృతి, ఏ హక్కులు, ఎన్నేళ్ళు, ఏ ప్రాంతానికి, ఎంత ప్రతిఫలం అన్నవి స్పష్టంగా ఉండాలి. 1983, 1994 సవరణల వల్ల ఈ విభాగానికి బలం చేకూరింది. ఎన్నేళ్ళో వ్రాయకపోతే 5 ఏళ్ళే. ప్రాంతం వ్రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా వాడుకోకపోతే, కాగితంలో వేరుగా లేనప్పుడు, ఆ మేరకు బదలాయింపు రద్దయినట్లే. 2012 సవరణ ఇంకొక అడుగు ముందుకు వేసింది. చిత్రంలో చేర్చిన పాటల రచయితా, స్వరకర్తా ఆ పాటలు చిత్రశాలలో చిత్రంతోపాటు కాక ఇతరత్రా వినియోగమైనప్పుడు వచ్చే రాయల్టీలో తమ వాటాను వారసులకో, కాపీరైటు సంఘానికో తప్ప ఇంకెవరికీ వ్రాసి ఇవ్వలేరు. ఇచ్చినా చెల్లదు. కవిగా రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దీని కోసం గట్టిగా మాట్లాడారు. 1710లో మొలకెత్తిన ఆలోచన మన దేశంలో ఇక్కడ చిగురు తొడిగింది.

నాలుగవది, గడువు. విశ్వకవి రవీంద్రుడు 1941లో పోయాడు. 50 ఏళ్ళ లెక్కన 1991తో హక్కు ముగియాలి. ఆ డిసెంబరులో ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం సవరించి గడువును 60 ఏళ్ళు చేశారు. అప్పటికి హక్కు మిగిలి ఉన్న వారందరికీ ఆ పదేళ్ళు కలిసివచ్చాయి. మన గిడుగు రామమూర్తి పంతులు 1940లో పోయారు గనుక ఆయన రచనలు ఒక్క ఏడాది తేడాతో 1991 జనవరి నుంచే లోకానివైపోయాయి. వాడుకభాష కోసం జీవితం ధారపోసినవాని గ్రంథాలు అందరి వాడుకలోకి రావడం సముచితమే.

ఒక మాస్టారి స్టాంపుకాగితం

చట్టం అంటే కోర్టు తీర్పులే కావు. నాతో పనిచేసిన ఒక తెలుగు మాస్టారు పిల్లల కోసం శతక పద్యాలకు చక్కని వ్యాఖ్యానం వ్రాశారు. 1999లో ఒక ప్రకాశకుడు కొద్దిపాటి సొమ్ము ఇచ్చి ‘సర్వహక్కులు ఇచ్చినాను’ అని స్టాంపుకాగితం మీద సంతకం చేయించుకున్నాడు. పుస్తకం బాగా అమ్ముడయింది. కొన్ని ముద్రణల తరువాత అట్ట మీద మాస్టారి పేరు పోయి ‘సంపాదకవర్గం’ అని వచ్చింది. ఆయన బాధపడ్డారు గాని, సంతకం చేశాను గదా అని ఊరుకున్నారు. 2011లో ఆయన కాలం చేశారు.

2014లో వారి శ్రీమతి ఆ కాగితం తీసుకుని మా ఇంటికి వచ్చారు. “డబ్బు కోసం కాదు అన్నయ్యగారూ, మనవడు ఆ పుస్తకమే చదువుతున్నాడు. ఇది మీ తాతయ్య వ్రాసిందని చెబితే పేరు ఏదీ అని అడుగుతున్నాడు” అన్నారు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నదని నాకు తెలుసు. ఇద్దరమూ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళాము. వారు ఒక యువ న్యాయవాదిని నియమించారు. ఆ అమ్మాయి కాగితాన్ని రెండుసార్లు చదివి, “ఇందులో ఎన్నేళ్ళకో లేదండీ” అన్నది. లేదు గనుక 5 ఏళ్ళే, అంటే 2004 తరువాతి ముద్రణలకు ఈ కాగితం ఆధారం కాదు. ఇక పేరు సంగతి. రచయిత పోయాక కర్తృత్వాన్ని చాటే హక్కు 2012 వరకు వారసులకు ఉండేది కాదు. ఆ ఏటి సవరణలో ఆ అడ్డు తొలగింది.

నోటీసు రెండు పుటలు. కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరం రాలేదు. ప్రకాశకుడే రాజీకి వచ్చాడు. వెనుకటి ముద్రణలకు కొంత చెల్లించి, కొత్త ముద్రణలో పేరు వేశాడు. మాస్టారు బ్రతికి ఉండగా ఆ అమ్మాయి వంటివారు ఎవరైనా ఆ కాగితాన్ని పదినిమిషాలు చదివి ఉంటే ఆయనకు ఆ దిగులు తప్పేది.

వకీలు వద్దకు ఎప్పుడు?

చరిత్ర చెప్పిన దానిని బట్టి ఆచరణకు కొన్ని మాటలు. నేను న్యాయవాదిని కాను. ఇవి మార్గం చూపే మాటలే గాని సలహాకు బదులు కావు.

వ్రాతప్రతులు తేదీలతో దాచుకోండి. చిత్తుప్రతులు పారవేయవద్దు. కర్తృత్వానికి అవే తొలి సాక్షులు. మీకు మీరే రిజిస్టరు పోస్టులో పంపుకొని కవరు విప్పకుండా దాచుకోవడం అనే పద్ధతికి మన చట్టంలో ప్రత్యేక స్థానం ఏమీ లేదు. అంతకంటె కాపీరైటు కార్యాలయంలో నమోదు మేలు. 2013 నాటి నియమాల ప్రకారం సాహిత్యకృతికి రుసుము 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. నమోదు వల్ల హక్కు పుట్టదు, వివాదం వచ్చినప్పుడు ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది.

పత్రికకు కథ పంపినంత మాత్రాన, అందులో ఉద్యోగి కానివాని సర్వహక్కులూ పత్రికవి అయిపోవు. పుస్తక ప్రకాశకుడైనా, చిత్రనిర్మాత అయినా కాగితం ఇచ్చినప్పుడు ‘సర్వహక్కులు’, ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మూడు మాటలు కనిపిస్తే కలం క్రింద పెట్టి న్యాయవాదికి చూపించండి. హక్కు అమ్మడం ఒకటి, ఇన్ని ప్రతులకు, ఇన్నేళ్ళకు అనుమతి ఇవ్వడం మరొకటి. రెండవదానితో చాలా పనులు జరుగుతాయి.

చౌర్యం జరిగితే, ముందు రెండు ప్రతులనూ ప్రక్కప్రక్కన పెట్టి పోలికలు వ్రాసుకోండి. కోపంలో మీరే బెదిరింపు ఉత్తరాలు వ్రాయకండి. ఆధారం లేని బెదిరింపుల మీద ఎదుటివారు దావా వేసే వీలు 60వ విభాగం ఇచ్చింది. నోటీసు న్యాయవాది ద్వారా వెళ్ళడం క్షేమం. దావా వేయవలసి వస్తే 62వ విభాగం రచయితకు ఒక గొప్ప వెసులుబాటు ఇచ్చింది. ప్రతివాది ఊరికి పోనక్కరలేదు, తాను నివసించే చోటనే వేయవచ్చు. నష్టపరిహారపు దావాకు గడువు 3 ఏళ్ళు. అత్యవసరంగా నిషేధపుటుత్తర్వు కోరని వాణిజ్య వివాదాలలో దావాకు ముందు మధ్యవర్తిత్వం జరగాలి. తెలిసి చేసిన చౌర్యానికి 63వ విభాగం క్రింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి.

ఖర్చుకు భయపడేవారు 1987 నాటి న్యాయసేవల చట్టాన్ని గుర్తుంచుకోవాలి. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలూ తెగలవారు, వికలాంగులు, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయం కలవారు ఉచిత సహాయానికి అర్హులు. ప్రతి జిల్లాకేంద్రంలోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంది. 15100 అనే నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

మన వంతు

హక్కులు అడిగేవారికి బాధ్యతలూ ఉంటాయి. వీరేశలింగం పంతులుగారు (1919), గురజాడ (1915) పోయి శతాబ్దం దాటింది. వారి రచనలు ఎవరైనా అచ్చువేయవచ్చు, పేరు చెప్పడం మాత్రం మర్యాద. కాని జాషువ (1971) రచనల మీద 2031 చివరి వరకు, విశ్వనాథ (1976) రచనల మీద 2036 చివరి వరకు, చలం (1979) రచనల మీద 2039 చివరి వరకు, శ్రీశ్రీ (1983) రచనల మీద 2043 చివరి వరకు హక్కు ఉంది. విమర్శ కోసం, సమీక్ష కోసం తగినంత ఉదాహరించుకోవడానికి 52వ విభాగం అనుమతిస్తుంది. పుస్తకం మొత్తం ఎత్తి వ్రాయడానికి అనుమతించదు. అభిమానం అనుమతి కాదు. ఆ మహనీయుల వారసులలో మా మాస్టారి శ్రీమతి వంటివారు ఉండవచ్చునని ఒక్కసారి తలచుకుంటే చాలు.

‘సర్వస్వామ్య సంకలితము’ అన్న మాట ఇప్పుడు కనిపించినప్పుడల్లా నాకు ఒక ప్రశ్న తోస్తుంది. సంకలితమే, కాని ఎవరి పేర? కృతికర్తకు ఆ సమాధానం సంతకానికి ముందే తెలిసి ఉండాలి. మీలో పుస్తకం అచ్చుకు ఇవ్వబోయేవారు ఎవరైనా ఉంటే, ముఖపత్రం వెనుకటి ఆ ఒక్క పంక్తిని అచ్చుతప్పులు దిద్దినంత శ్రద్ధగా దిద్దుకోండి.

స్వస్తి.